తోలు పుట్టికి ప్లాస్టిక్ కాగితం

అరవైల్లో ధర్మవరం చెరువు నిండిన ఏడాది మా ఇంట్లో తిండికి కొదవ ఉండేది కాదు. మా మామ, మా ఇంటాయన చెరువులో పుట్టి నడిపేవారు. వెదురు బద్దలతో పెద్ద గంపలా అల్లి, కింద ఎనుము తోలు బిగించి, తారు పూస్తే అదే పుట్టి. తోలును ఎండబెట్టకపోతే కంపు, ఎండబెడితే కుక్కల పాలు. ఆ కంపు నా చీరలకు కూడా పట్టేది.

మగ్గాల వీధిలో ఒక అవ్వ ఉండేది. అవతలి గట్టున ఉన్న ఊళ్ళో ఆమె కూతురికి మూడో కాన్పయింది. బిడ్డకు తన చేత్తో నీళ్ళు పోయాలని అవ్వ ఆశ. మోకాళ్ళ నొప్పులతో కట్ట చుట్టూ నడవలేదు. పుట్టి ఎక్కమంటే, “తోలు మీద కాలు పెట్టను” అనేది. రోజూ అదే చెరువులో ఎనుములు పొర్లుతున్నా ఆ నీళ్ళే తాగేది మరి.

ఆ వారమే కుక్కలు మా పుట్టి తోలు చీల్చి పెట్టాయి. మా ఇంటాయన హిందూపురం పోయి మందమైన ప్లాస్టిక్ కాగితం తెచ్చాడు. అప్పట్లో అది మాకు వింత.

“ఏమబ్బా, కాగితం కట్టుకోని నీళ్ళలోకి పోతావా? పిల్లోల్లు ఆడుకునేదానికా?” అన్నాడు మామ.

“నువ్వు ఊరికే చూడు నాయనా.”

ఊరికే ఉంటే ఆయన మా మామ ఎందుకవుతాడు? తారు లేని పుట్టి ఏం పుట్టి అని, ఎవరూ లేనప్పుడు కాగిన తారు పూశాడు. ప్లాస్టిక్ ముడుచుకుపోయి చెయ్యి పట్టేంత బొక్క పడింది. మా ఇంటాయన మిగిలిన కాగితాన్ని రెండు మడతలు వేసి, తారు చుక్క కూడా తగలనీయకుండా బిగించాడు. రెండో పక్క పట్టుకుని లాగింది మామే.

నేనే పోయి అవ్వను పిలుచుకొచ్చాను. ఆమె వంగి పుట్టిని గోటితో గీకింది, వాసన చూసింది.

“తోలు యాడా లేదు కదమ్మీ?”

“యాడా లేదవ్వా.”

“మునిగితే?”

“మునిగితే నేనూ నీతోనే కదా,” అన్నాడు మామ. “ఎక్కు అక్కా. బిడ్డ పెండ్లికి పిలిచేదాకా ఈడే నిలబడతావా?”

ఎక్కింది. తోడుగా నేనూ ఎక్కాను. సగం దూరం పోయాక కిందికి చూసి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“ఏమప్పా! కాళ్ళ కింద నీళ్ళు కనపడతాండాయి!”

“తోలైతే కనపడవక్కా.”

“ఆ మాటెత్తొద్దు. తొందరగా పోనీ.”

ఆ పొద్దు అవ్వ కాళ్ళు బారజాపుకుని, బిడ్డను వాటి మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోసింది. నేను కాగు దగ్గర నిలబడి అందించాను. బిడ్డ ఏడుపు వీధంతా వినబడింది. అవ్వ మాత్రం నవ్వుతూనే ఉంది.

మరుసటి రోజు మేము పుట్టి మోసుకుని పోయేసరికి అవ్వ అప్పటికే ఇవతలి గట్టు మీద కూర్చుని ఉంది.

“ఎండెక్కినాక వస్తారా మీరు? అవతల బిడ్డకు నీళ్ళు పోసే యాళైతాండాది!”