అమ్మ కడిగిన సముద్రపు నాచు

మొన్న జనగామలో కొత్తగా తెరిచిన పెద్ద దుకాణంలో, బిస్కట్ల పక్కనే సముద్రపు నాచు పొట్లాలు తినడానికని పెట్టి అమ్ముతుంటే చూసి కొయ్యబారిపోయాను. మన ఈడు వాళ్లకు నాచు అంటే చెరువు మెట్ల మీద కాలు జారేదే గానీ నోట్లో పెట్టుకునేది కాదు కదా. కానీ మా ఇంట్లో అది ఒకసారి పప్పులో ఉడికింది.

తెలంగాణ కోసం ఊళ్లకు ఊళ్లు రోడ్ల మీదికొచ్చిన రోజులవి. నలభై దాటాక పరిశోధన మొదలుపెట్టిన కాలేజీ పంతులమ్మను నేను. సముద్రపు నాచును అంటిపెట్టుకుని బతికే బ్యాక్టీరియా, మన పుండ్లలో చీము పట్టించే క్రిములను చంపుతుందా అన్నది నా ప్రశ్న. ఆ ఏడాది నాచు దొరికే కాలం అయిపోవచ్చింది, గడువులోగా ఫలితం చూపకపోతే రిజిస్ట్రేషన్ రద్దేనని గైడు సారు ఖరాఖండిగా చెప్పేశారు. సముద్రతీరం నుంచి ఆఖరి నాచు నమూనా తెచ్చుకుంటుంటే రైల్‌రోకోతో బండి డోర్నకల్‌లో ఆగిపోయింది. ఐసుపెట్టె ఒళ్లో పెట్టుకుని ఆటోలో మహబూబాబాద్‌లో ఇల్లు చేరి, కరిగిన ఐసు మార్చాలని బజారుకు పరుగెత్తితే బంద్, ఒక్క దుకాణం తీసిలేదు.

వట్టి చేతులతో తిరిగొచ్చేసరికి ఇల్లంతా నీచు వాసన. సముద్రం ఎన్నడూ చూడని మా అమ్మ పెట్టె మూత తీసి, బిడ్డ అంత దూరం నుంచి ఆకుకూర మోసుకొచ్చిందనుకుని, ఏ కూరకైనా చేసినట్టే ఉప్పునీళ్లలో నానబెట్టి, గట్టిగా పిండి, తరిగి పప్పులో వేసేసింది.

"గిదేం కూర బిడ్డా, ఎంత కడిగినా నీసు పోతలేదు," అంది.

కడిగిన నీళ్లేవని అడిగితే, బర్రె కుడితిలో పోద్దామని పక్కన పెట్టానంది. ఏడుస్తూనే ఆ నీళ్లను మరగబెట్టిన సీసాలోకి పట్టుకున్నాను. జరిగింది తెలిశాక అమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు.

బంద్ సడలాక వరంగల్ ల్యాబులో ఆ నీళ్లలోంచి బ్యాక్టీరియాను పెంచి, చీముక్రిములు పరిచిన గాజుపళ్లెంలో చుక్కలుగా పెట్టాను. మర్నాడు మూత తీస్తే ఒక చుక్క చుట్టూ తేటగా ఖాళీ వలయం, అందులో ఒక్క క్రిమి లేదు! నా కళ్లను నేనే నమ్మలేకపోయాను. గైడు సారు పళ్లేన్ని వెలుతురుకు పట్టి చూసి, ఇది నాచుదని రాయలేమమ్మా, మీ బావినీళ్లదో, గిన్నెదో, చేతిదో ఎవరు చెప్పగలరు అన్నారు. ఆయన మాట న్యాయమే. గడువు దాటింది, రిజిస్ట్రేషన్ పోయింది, కరెంటు కోతలకు ఫ్రిజ్ ఆగి అందులో దాచిన ఆ చుక్కలోని బ్యాక్టీరియా కూడా చచ్చిపోయింది.

"నా చేతులే ఆగం జేసినయి బిడ్డా నీ సదువు," అంది అమ్మ.

మరుసటేడు పట్టుబట్టి నాతో రైలెక్కి, మొదటిసారి సముద్రం చూసి, కుచ్చెళ్లు ఎగదోపుకుని తానే నాచు ఏరింది. గైడు సారు జాలిపడి ల్యాబులో చోటిచ్చారు గానీ, ఎన్ని పళ్లేలు పెట్టినా ఆ వలయం మళ్లీ రాలేదు.

రాష్ట్రం వచ్చింది, ఐసు ఇప్పుడు ఏ వీధిలోనైనా దొరుకుతుంది, అమ్మ లేదు. ఆ క్రిములను చంపింది సముద్రమో, ఆమె చేతులో నాకు ఈనాటికీ తెలియదు.