ఎర్తు తీగ లావు

పటమటలో మా అపార్టుమెంటు వెనక నిన్న కరెంటు ఎర్తు కోసం గుంత తవ్వి, బొగ్గూ ఉప్పూ పొరలుగా పోసి, నీళ్లు కుమ్మరించారు. ఆ తడి బొగ్గు వాసన తగలగానే మా ఊరి పెరడు కళ్ల ముందుకొచ్చింది.

పామర్రు దగ్గర మా ఊళ్లో, పెరటి బావి పక్కన రేకుల చూరు కింద నీళ్ల మోటారు ఉండేది. శ్రావణం వచ్చిందంటే నేలంతా ఊట, గోడలకు పాచి, వంటింట్లోంచి బూరెలు వేగే కమ్మదనం. పెరడంతా తొక్కుడుబిళ్ల ఆడే పిల్లలం మోటారు వైపు మాత్రం పోయేవాళ్లం కాదు. ముట్టుకుంటే జిల్లుమనేది. నాయనమ్మ దానికి పసుపు రాసి, "గంగమ్మ తల్లి ఉందిరా అందులో, ఊరుకోదు" అనేది. జిల్లుమన్న ప్రతిసారీ ఇంకో కొబ్బరికాయ కొట్టారే తప్ప, దాని ఎర్తు తీగ వంక చూసిన మనిషి లేడు.

ఆ ఏడు నాన్న పెద్ద మోటారు తెచ్చి, దానికి లావు వైర్లు వేయించారు. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని మూడు పోగులు మెలేసి కట్టారు. మోటారు ఒంటి నుంచి భూమిలోకి దిగే ఎర్తు తీగ మాత్రం పాతదే, పురికొసంత సన్నది.

"అదీ మార్చాలన్నాడండీ మేస్త్రి" అంది అమ్మ.

"అందులో కరెంటు పారి చచ్చిందా? ఊరికే వేలాడేదానికి లావెందుకే, మొలతాడా?" అని నాన్న నవ్వారు.

ఊరూరా ఇదే తెలివి! కరెంటు మోటారు ఒంటికెక్కిందంటే ఆ కాసేపు, ఫ్యూజు పోయేదాకా, కరెంటునంతా మోయాల్సింది ఆ తీగే. ఫ్యూజు బలిసినకొద్దీ అదీ బలవాలి.

ఓ శుక్రవారం, మోటారు నడుస్తుండగా లోపలి వైరు ఒరుసుకుని ఒంటికి తగిలింది. ఫ్యూజు చెక్కుచెదరలేదు, ఎర్తు తీగే ఎర్రగా కాలి తెగింది. అది నేను చూశాను. మోటారు తిరుగుతూనే ఉంది, ఒంటినిండా కరెంటుతో. కమురు వాసనకు నాయనమ్మ, "అమ్మాయ్, తల్లికి కోపమొచ్చినట్టుంది, బొట్టు పెట్టు!" అని కేకేసింది. తలంటుకున్న అమ్మ తడి చీరతో, కుంకుమ భరిణెతో వంగింది. వద్దని అరవబోయాను, నోరు పెగల్లేదు.

అమ్మా అరవలేదు. అరచెయ్యి మోటారును పట్టేసి అతుక్కుపోయి, పళ్లు బిగుసుకుపోయి, కళ్లు మాత్రం నా వైపే తెరుచుకుని ఉన్నాయి. నాన్న పరుగెత్తుకొచ్చి స్విచ్చు దించారు. అమ్మ బతికింది. కుడిచేతి వేళ్లు మళ్లీ ముడుచుకోక, అన్నం కలుపుకోలేక, చివరిదాకా చెంచాతోనే తింది. ఊరు "అమ్మవారు వదిలేసింది" అంది. నాన్న ఎవరి మొహమూ చూడకుండా, బొగ్గూ ఉప్పూ పోసిన కొత్త గుంతలోకి లావు తీగ వేయించారు.

ఇప్పుడా బావి పూడ్చి ఎవరో మేడ కట్టుకున్నారు. మోటారు పాత ఇనుములోకి పోయింది. నాయనమ్మ, నాన్న, అమ్మ, ఎవరూ లేరు. ఏ దేవుడికీ దెయ్యానికీ జంకని నేను, వేదికలెక్కి భక్తుల భయాన్ని ఎగతాళి చేసిన నేను, వాన పడ్డ రోజు కొళాయి తిప్పబోయే ముందు ఇప్పటికీ, పట్టేసుకునే అరచేత్తో కాకుండా, చేతి వెనకవైపుతో ఒకసారి తాకి చూస్తాను.