గుణం లేదని చెప్పింది నేనే

నా పేరు హనుమక్క. వయసు అరవై ఎనిమిది. కంప్లిలో నా కొడుకు, కోడలితో ఉంటున్నాను. నాలుగో మనిషి నా తోడికోడలు. మొన్న సోమవారం జ్వరంతో పోయింది. ఆమె మంచి మనిషని అందరూ అంటున్నారు. మంచి మనిషే. నేను ఆమెకు ఏం చేశానో కూడా చదివేవాళ్ళు తెలుసుకోవాలి.

ఆమెకు మతి జబ్బు. ఎవరో చెవిలో మాట్లాడుతున్నారని ఎదురు జవాబు చెప్పేది. బళ్ళారి డాక్టరు మాత్రలతో ఆ మాటలు తగ్గాయి కానీ దిగులు, మతిమరుపు మిగిలాయి. చేసిన ప్రతి పనికీ చీర కొంగుకు ముడి వేసుకునేది. కోళ్ళను గంప కింద మూస్తే ఒకటి, మాత్ర మింగితే ఒకటి. సాయంత్రానికి ఏ ముడి దేనికో తెలిసేది కాదు.

"ఏమే, కొంగులో చింతకాయలు కట్టుకొచ్చినావా?" అని నేనంటే, "నీ నోరు కట్టేదానికి ఇంకొక ముడికి జాగా ఉండాది లేక్కా" అనేది.

పోయినేడు డాక్టరు కొత్త మాత్ర ఒకటి కలిపాడు. "ఇది దిగులుకు ఇస్తాండానమ్మా. దిగులు తగ్గితే జ్ఞాపకం కూడా కొంచెం వస్తుందేమో చూద్దాం. అందరికీ రాదు. నువ్వే కనిపెట్టి నిజం చెప్పల్ల" అన్నాడు.

వచ్చింది. రెండు నెలల్లో ముడులు తగ్గాయి. ఉన్నవాటిని తడిమి, ఏది దేనికో సరిగ్గా చెప్పేది. ఒకనాడు బియ్యంలో రాళ్ళు ఏరుతూ అడిగింది: "అక్కా, పాప పెండ్లినాడు నన్ను గడ్డి కొట్టంలో ఏసి గొళ్ళెం పెట్టింది నువ్వే కదా? మేళం వినపడతాండె. నాకని పసుపు చీర తీసుంటివి. అది యాడుండాది?"

గొంతులో కోపం లేదు. నా కూతురి పెళ్ళిలో మగపెళ్ళివారి ముందు పరువు పోతుందని, ఆమె పుట్టింటికి పోయిందని చెప్పి మూసిపెట్టింది నేనే. చీర వేరేవాళ్ళకు ఇచ్చేశాను.

"నోర్ముయ్, నీకు పిచ్చి ముదిరింది" అన్నాను.

మరుసటి వారం డాక్టరు అడిగితే, "ఏం గుణం లేదు సార్, ఎప్పటి మాదిరే ఉండాది" అన్నాను. ఆమె నా మొహంలోకి చూసింది. "అక్క చెప్పిందే సరి సార్" అంది.

కొత్త మాత్ర ఆపేశారు. కొంగు నిండా మళ్ళీ ముడులు. కొట్టం సంగతీ మరిచిపోయింది. నా ప్రాణానికి హాయిగా అనిపించింది. ఆ హాయిని తలుచుకుంటే ఇప్పుడు అన్నం దిగడం లేదు. బళ్ళారి బస్సు రోజూ మా వీధి చివరే ఆగుతుంది. పోయి నిజం చెప్పి రావడానికి ఒక్కనాడూ ఎక్కలేదు.

స్నానం చేయించి కొత్త పసుపు చీర కట్టాను. విప్పిన చీర కొంగున ఒక ముడి ఉంది. కోడలు విప్పబోతే చెయ్యి పట్టుకున్నాను. ఆ చీర ఉతకలేదు. ముడితోనే దండెం మీద ఉంది.

నేను చెబుతుంటే ఇది రాసినాయన కొట్టం మాట తీసేద్దామన్నాడు. వద్దన్నాను. అంతా చదివించుకుని విని, ఎడమ బొటనవేలు ఒత్తాను.

హనుమక్క వేలిముద్ర
చూసినవారు: కోడలు శాంతమ్మ, పక్కింటి ఖాదర్‌బీ