రెండో వ్యాను

వాతావరణ డేటాతో వ్యాపారం చేసేవాళ్లంటే నాకు ఏవగింపు. అది పుస్తకాలు చదివితే వచ్చింది కాదు. తల్లాడ నుంచి అడవి వైపు పోయే దారిలో ఒక విత్తనాల దుకాణం బెంచీ మీద కూర్చుంటే వచ్చింది. ఆ ప్రాంతం వార్తలు రాసే రోజుల్లో ఆ బెంచీయే నా ఆఫీసు. దుకాణం సేటు చాయ్ తెప్పించేవాడు, వార్తలు వాటంతటవే నడిచి వచ్చేవి.

ఒక జూన్‌లో, మొదటి వాన పడిన మర్నాడు, గింజల వ్యానుతో పాటు విత్తన కంపెనీ మనిషి మెడలో కార్డుతో దిగాడు. ఏ మండలంలో ఎప్పుడు ఎంత వాన పడుతుందో, దాన్ని బట్టి ఎన్ని ప్యాకెట్లు పోతాయో తమ కంప్యూటర్ ముందే చెబుతుందన్నాడు. ఫోన్ తెర మీద గీతల్ని వేలితో జరుపుతూ, ఆ వాన తానే కురిపిస్తున్నట్టు మాట్లాడాడు.

అప్పుడే అడవి అంచు ఊరి నుంచి ఒక రైతు మహిళ వచ్చింది. ఆమెకున్నది వాన మీదే ఆధారపడే రెండెకరాల చెలక, వేసేది పత్తి.

“సేటూ, ఒక్క వానే గదా పడ్డది. గింజలు పెడ్దామా, ఇంకో వాన సూద్దామా?”

సేటు నోరు తెరిచేలోపే కంపెనీ మనిషి ఫోన్ ముందుకు చాపాడు.

“ఇయ్యాల వాన, రేపు వాన. ఇంకేం గావాలె అక్కా? జల్దీ పెట్టుకో.”

“నీ నోట్ల చక్కెర పొయ్య” అని నవ్వి, నాలుగు ప్యాకెట్లు తీసుకుని ఆటో ఎక్కింది.

ఆ రెండు రోజులూ వాన పడింది. ఆ తర్వాత రెండు వారాలు చుక్క లేదు. మొలిచినవి మాడాయి, మొలవనివి మట్టిలోనే చచ్చాయి.

ఆ ఎండలోనే దుకాణం ముందు రెండో వ్యాను ఆగింది. అవే గింజలు. సేటు ఆర్డరు కూడా పెట్టలేదు. కంపెనీ మనిషి దగ్గరుండి దింపిస్తున్నాడు.

“వానే లేదు, గింజలెవరికి?” అన్నాను.

“అందుకే సార్. ఈ గ్యాప్ మా డేటాల ముందే ఉన్నది. రైతులు మళ్లీ పెట్టాలె గదా. నిరుడు మా స్టాక్ లేక వేరే కంపెనీవి కొన్నరు.”

“ముందేనంటే ఎప్పుడు?”

“మొదటి వ్యాను వచ్చిన నాడే.” గొంతులో సిగ్గు లేదు. నా మెచ్చుకోలు కోసం చూస్తున్నాడు.

“మరి ఆమెకు రెండు రోజులే చూపించినవేంది?”

“ఆ రెండు రోజులు వాన పడ్డది గదా సార్. సలహాలు మా సైడు కాదు, మాది సేల్స్.”

పట్టుబడ్డ దొంగైనా తల దించుకుంటాడు. ఇదంతా రాసి పంపితే, మా పేపరు డెస్కు వాళ్లు సగం కోసేసి ‘విత్తన కొరతకు డేటాతో చెక్’ అని హెడ్డింగ్ పెట్టారు. వాళ్లూ తల దించుకోలేదు.

రెండు రోజులకు ఆమె మళ్లీ వచ్చింది.

“అన్నీ మాడిపోయినయ్ సేటూ. రెండు ప్యాకెట్లియ్యి.”

“నాలుగు తీస్కో అక్కా, వాన వస్తున్నది” అన్నాడు కంపెనీ మనిషి.

“నువ్వు జెప్పినవనే ఒకపాలి పెట్టిన. ఆ వాన సంగతి మీ కంపెనీకి జెప్పుకో పో.”

రెండే తీసుకుంది. అతన్ని ఆ ఏడాదే పెద్ద ఏరియాకు పంపారట, అంచనా తప్పలేదని. దసరా ముందు నేను ఆ చెలక పక్కగా పోతూ చూశాను. ఒక ఎకరంలో నడుమెత్తు కూడా లేని పత్తి ఉంది. రెండో ఎకరంలో గడ్డి. ఆమె వంగి ఆ గడ్డే కోస్తోంది.