నాయన తెచ్చిన నల్లరాయి

మొన్న ఫోన్లో ఒక ఫోటో చూసినాను. అంగారకుడికీ గురుడికీ నడుమ తిరిగే చిన్న గ్రహశకలమంట, గుంటలు పడిన బూడిదరంగు రాయి. చూస్తానే మా నాయన గుర్తొచ్చినాడు.

నాయన మార్కాపురంలో పలకల గనిలో పనిచేసేవాడు. వేలితో తట్టి, ఏ రాయి పలకలుగా చీలుతుందో చెప్పేవాడు. నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు, ఆకాశంలో ఇట్లాంటి రాళ్లు తిరుగుతుంటాయని మా సార్ చెప్పిన సంగతి ఇంటికొచ్చి నాయనకు చెప్పినాను.

"అవి కింద పడవా?" అన్నాడు నాయన.

"అప్పుడప్పుడు పడతాయంట."

వారం తిరక్కముందే తువ్వాల్లో చుట్టి ఒక నల్లరాయి తెచ్చినాడు. "బరువు చూడమ్మా. ఇది మా గని రాయి కాదు. మీ సార్‌కు చూపించు."

ఆకాశం నుంచి పడిన రాయని నేను క్లాసంతా చెప్పుకున్నాను. సార్ తిప్పి చూసి, "ఇనుము కలిసిన మామూలు రాయమ్మా, వాగులో కొట్టుకొచ్చి ఉంటుంది" అన్నాడు. పిల్లలు ఒకటే నవ్వు. నాయన నన్ను మోసం చేసినాడనుకున్నాను.

సాయంత్రం ఆ రాయిని ఆయన కాళ్ల దగ్గర పడేసి, "రాళ్ల గురించి నీకేం తెలుసు?" అని అరిచినాను.

"అట్లనా" అన్నాడు నాయన. రాయి తీసి గోడవార పెట్టి, చేతులు కడుక్కోను పోయినాడు. తర్వాతెప్పుడూ నా పాఠాల సంగతి అడగలేదు.

ఆకాశం రాయని ఆయన అననేలేదు. గని రాయి కాదన్నాడు, అది నిజమే. ఈ సంగతి నాకు తోచేనాటికి నేను కాలేజీలో ఉన్నాను, నాయన ఇంకా ఉన్నాడు. అయినా ఆయనకు ఆ మాట చెప్పనేలేదు.