పంపు మాసయ్య

గద్వాలకు మోటారు బస్సులు కొత్తగా వచ్చిన రోజులవి. రాయచూరు తోవ మీద రామస్వామి సావుకారి పెట్రోలు పంపు పెట్టించాడు. ఇప్పటి పంపులకు ఏం అందముంది, మీట నొక్కితే అంకెలు తిరుగుతాయి, అంతే. ఆ పంపుకు తల మీద రెండు గాజు బుడ్లుండేవి. పక్కనున్న పిడిని అటూ ఇటూ ఆడిస్తుంటే ఒక బుడ్డి నిండేది, రెండోది బండిలోకి ఖాళీ అయ్యేది. సంతకొచ్చిన జనం బేరాలు మాని మరీ నిలబడి చూసేవాళ్లు. ఆ పిడి మాసయ్య చేతిలో ఉండేది.

మాసయ్యది గద్వాల పక్కనున్న గట్టు అనే ఊరు. తాత ముత్తాతలంతా పరాయి చేలల్లో చెమటోడ్చినవాళ్లే. పంపు కోసం గుంట తవ్వే కూలికి వచ్చి, దాన్ని బిగించిన మిస్త్రీ చేతులు చూసి చూసి పని పట్టేశాడు. బుడ్డిలోకి ఒక్క చూపు చూసి పెట్రోలులో నీళ్లు కలిశాయని చెప్పేవాడు. బస్సు డ్రైవర్లు దిగుతూనే "మాసన్నా" అని కేకేసేవారు. కుర్చీలో సావుకారి ఉన్నాడన్న సంగతే వాళ్లకు పట్టేది కాదు.

ఇంత చేసినా కూలి మాత్రం గుంట తవ్విన నాటిదే. వస్తే పైసలు, రాకుంటే లేవు. ఒక వానాకాలం చలిజ్వరంతో ఇరవై రోజులు మంచాన పడితే, భార్య ఏసమ్మ కలుపుకు పోయి గంజి పోసింది.

మరుసటేడు పంపు కంపెనీ పట్నం నుంచి కొత్త నియమాల కాయిదా పంపింది. మిస్త్రీ, పంపు మనిషి, కూలీ అని మూడు తరగతులు. మొదటి రెండింటికీ సావుకారి నెల జీతం, ఖాకీ చొక్కా ఇవ్వాలి. జ్వరమొచ్చినా జీతం ఆగదు. ఎవరు ఏ తరగతో రాసుకోవడానికి ఒక గుమాస్తా వచ్చాడు.

"ఏం పని చేస్తవ్?" అని అడిగాడు.

పెద్దమనుషుల ముందు తన పని తాను చెప్పుకోవడం మాసయ్య ఇంటా వంటా లేదు. తల వంచి చేతులు కట్టుకున్నాడు. "ఏం పని దొరా! జర ఊడ్సుకుంట, నీళ్లు సల్లుకుంట మీ నీడల బతుకుతున్న."

గుమాస్తా చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాడు. కూలీ. సావుకారి తమలపాకులు నములుతూ ఊరుకున్నాడు. ఆ నోట్లో అంత తీరికగా ఆకు నలగడం అంతకు ముందు ఎవరూ చూడలేదు.

ఏసమ్మ ఊరుకుంటుందా! "పొద్దుగూకులు పంపు కొట్టేదెవరు? బస్సోళ్లు పిలిచేదెవర్ని? అడిగినప్పుడు నోరు యాడ పెట్టుకున్నవ్?" అని దులిపేసింది. మాసయ్యకు సిగ్గేసింది. పాపం, మర్యాద అనుకుని తన నోటికాడి కూడు తానే పోగొట్టుకున్నాడు. ఆ తర్వాత ఏడాదంతా పిడి ఆడించినప్పుడల్లా ఒకటే మాట లోలోపల అనుకున్నాడు, "పంపు నడిపేది నేను."

ఏడు తిరిగింది, గుమాస్తా వచ్చాడు. ఈసారి అడగనే లేదు. "పోయినేడు రాసిందే గదా" అని మాసయ్య పేరు దాటి కాగితం తిప్పబోయాడు. అడగందే నోరు విప్పని మనిషి మాసయ్య. ముందుకొచ్చి, పెట్రోలు వాసన కొట్టే చేతిని ఆ కాగితం మీద పెట్టేశాడు.

"జర ఆగుండ్రి దొరా. గా రాసింది తప్పు. తప్పు నాదే. పంపు నడిపేది నేను."

గుమాస్తా సావుకారి వైపు చూశాడు. సావుకారి మళ్లీ ఆకు అందుకున్నాడు.

"అయితే నడిపి చూపు," అన్నాడు గుమాస్తా.

రాయచూరు బస్సు నిలిచే ఉంది. మాసయ్య గొట్టం మూతి తుడిచి పిడి పట్టాడు. బుడ్డి నిండింది, ఖాళీ అయింది, మళ్లీ నిండింది. చుక్క కింద పడలేదు. గుమాస్తా 'కూలీ' అన్న మాట కొట్టేసి 'పంపు మనిషి' అని రాశాడు.

ఆ పంపు ఎప్పుడో పోయింది. ఆ గాజు బుడ్లు తలచుకుంటే ఇప్పటికీ ప్రాణం లాగుతుంది. ఆనాటి సాయంత్రం ఇంట్లో జరిగిన ముచ్చట మాత్రం ముసలితనం దాకా ఏసమ్మే చెప్పి మురిసిపోయేది. మాసయ్య గడపలో అడుగు పెట్టాడో లేదో ఆమె ఎదురొచ్చి, "దొర ఏమన్నడు?" అని ఆత్రంగా అడిగిందట.

"దొరేమన్లేదే," అన్నాడట మాసయ్య. "నేనే అన్న."