మూడో మలుపు దగ్గరి రాయి

ఎనభైల చివర్లో నేను ఖిల్లా ఘణపూర్ గ్రంథాలయంలో గుమాస్తాగా ఉండేవాణ్ణి. ఊరి పక్క గుట్ట మీది కోటకు మా పూర్వీకులు తరతరాలుగా ఖిల్లేదార్లు. నా కాలానికి కోట తాళాలూ లేవు, తాళం వేయడానికి తలుపులూ లేవు. మేడ అమ్ముడుపోగా మిగిలిన రెండు గదుల్లో ఉండేవాళ్లం. అయినా ఊళ్లో పెద్దవాళ్లు నన్ను దొరా అనే పిలిచేవారు. నేనూ ఆ పిలుపు చెడకుండా చూసుకునేవాణ్ణి.

సెలవు రోజుల్లో వనపర్తి నుంచి, మహబూబ్‌నగర్ నుంచి జనం కోట చూడ్డానికి వచ్చేవారు. దారిలో కనబడినవాణ్ణి అడిగితే వాడు తోచింది చెప్పేవాడు. ధాన్యపు కొట్టు చెరసాల అయింది. గుర్రాల సాల రాణి స్నానాల గది అయింది. అది వింటే నాకు ఒళ్లు మండేది. ఒకరోజు బడి హెడ్మాస్టరు వచ్చి, "జర మీరే ఎంట ఉండి సూపెడితే బాగుంటది గద" అన్నాడు.

"పరాయివాళ్ల ముందు నడిచి ఇది చూడండి, అది చూడండి అనడం మా ఇంట్లో లేదు. కాగితం రాసిస్తాను. చదువుకుంటూ వాళ్లే తిరుగుతారు" అన్నాను.

"సదువుకుంట గుట్టెక్కితే కాళ్లిరగ్గొట్టుకుంటరు సార్" అని నవ్వాడు. నవ్వినా, తర్వాత నేను రాసిన కాగితాలు బడిలో సైక్లోస్టైల్ తీయించి ఇచ్చాడు. బెంచీలకు వేయగా మిగిలిన ఎర్ర పెయింటు డబ్బా కూడా పంపించాడు.

నెల రోజులు సాయంత్రాలన్నీ గుట్ట మీదే గడిపాను. మొదటి దర్వాజా నుంచి ఆ గుట్టను పక్క గుట్టతో కలిపే గోడ దాకా పది చోట్లు ఎంచుకుని, ఒక్కోదానికి రెండు మూడు వాక్యాలు రాశాను. 'రెండో దర్వాజా: పిడుగు పడి కూలగా ఖిల్లేదారు మరల కట్టించెను.' ఆ ఖిల్లేదారు మా ముత్తాత. దారి తప్పకుండా మలుపు మలుపుకూ బండల మీద బాణాలు గీశాను, మొత్తం పద్నాలుగు. ఆ తర్వాత ఆదివారాలు గ్రంథాలయం కిటికీలోంచి చూసేవాణ్ణి. పట్నంవాళ్లు కాగితం చేతపట్టుకుని ఆగి, చదివి, తలెత్తి చూసి, మళ్లీ నడిచేవారు. మా ఇంటి మాట మళ్లీ ఆ కోటలో వినబడుతోందనిపించేది.

దసరా వెళ్లిన తర్వాత ఒక బుధవారం పొద్దున ఇద్దరు ఆడవాళ్లు మా గడప ముందు నిలబడ్డారు. ఊరి చివర రాతిపని చేసుకునే ఇళ్లలోని ముసలమ్మ, ఆమె కోడలు.

"దొరా, గుట్ట మీద ఎర్రరంగుతోని గీసింది నువ్వేనంట?" అంది ముసలమ్మ.

"నేనే. దారి తెలియడానికి."

"దారికి గీస్తే గీసినవు. మా తాత నెత్తి మీద ఎందుకు గీసినవు?"

నాకు అర్థం కాలేదు. మూడో మలుపు దగ్గర నిలువెత్తు రాయి ఒకటి ఉంది. ముఖం చదునుగా ఉంటుంది కాబట్టి బాణానికి బాగా కుదిరింది. అదే వాళ్ల తాత.

"అక్కడ పసుపు లేదు, బొట్టు లేదు. మామూలు రాయి అనుకున్నాను" అన్నాను.

"వానలు పడ్డంక పసుపు ఉంటదా? యాడాదికొక్కసారి పెడ్తం, లారి ఎక్కే ముందర."

లారీ అంటే ఏమిటో పాలమూరులో ఎవరికీ చెప్పనక్కర్లేదు. వానలు వెనకపట్టగానే మేస్త్రీ లారీ పంపుతాడు. మట్టి తవ్వేవాళ్లు, రాళ్లు కొట్టేవాళ్లు ఇళ్లకు ఇళ్లే ఎక్కి ఎక్కడెక్కడి డ్యాముల పనులకో పోతారు, మళ్లీ మృగశిరకు వస్తారు. వీళ్ల లారీ శుక్రవారం తెల్లవారుజామున. చేతులు కాళ్లు భద్రంగా తిరిగి రావాలని ఆ రాయికి మొక్కకుండా వాళ్లు ఊరు దాటరు. రంగు పడిన రాయికి మొక్కు చెల్లదు. పోకపోతే ఏడాది పని పోతుంది.

"వేరే రాయి చూసుకోకూడదా?" అన్నాను. అనకుండా ఉండాల్సింది.

"రాయంటే గుట్టంత ఉన్నయి దొరా. కొత్త తాతను యాడికెంచి తేవాలె?" అంది కోడలు.

వాళ్ల వెంట గుట్ట ఎక్కాను. నా బాణం ఆ రాయి ముఖం మీద ఈ చివర నుంచి ఆ చివరకు ఉంది. ఎంత శ్రద్ధగా గీశానో అప్పుడు కనబడింది.

కోడలు కాసేపు చూసి, "ఎర్రగనే ఉంది గద అత్తా. కుంకుమ అనుకుంటే అయిపాయె" అంది.

"మనం పెడితే కుంకుమ. దారిన పోయేటోనికి పెట్టింది కుంకుమ ఎట్లైతది?" అంది ముసలమ్మ.

ఆమె కొడుకు సుత్తె, ఉలి పట్టుకుని పైకి వచ్చాడు. వాడు తలచుకుంటే ఆ ముఖం చెక్కేయడం గంట పని. కానీ వాటిని దూరంగా దించి వచ్చి కూర్చున్నాడు. ఆ ఒక్క రాయికీ ఇనుము తగలనివ్వరట. పొద్దస్తమానం రాళ్లు కొట్టేవాళ్లు ఈ రాయిని గోటితో కూడా గీకరు.

కిరోసిన్‌తో తుడిస్తే బాణం పోయి రాయంతా ఎర్రబడింది. ఇసుక, తడి పీచు, గరుకు రాతిముక్క తెచ్చుకుని రుద్దడం మొదలుపెట్టాను. నేను గొంతుకూర్చుని పని చేయడం ఊళ్లో ఎవరూ చూసి ఉండరు. ఆ రోజు చూశారు. కట్టెల మోపులతో దిగేవాళ్లు ఆగి మరీ చూశారు. మధ్యాహ్నానికి అరచేతుల్లో బొబ్బలు లేచాయి.

"ఇటియ్యి, నేను తోముత. నీకు చాతగాదు" అంది ముసలమ్మ.

"గీసింది నేను" అన్నాను.

"అయితే గుండ్రంగ తోము. అడ్డం తోమితే తాత మొకం గీతలు పడ్తది."

గురువారం పొద్దున కూడా తోమాను. ముసలమ్మ కుంకుడు రసం తెచ్చి కడిగింది. రాతి గుంటల్లో సన్నటి ఎరుపు ఇంకా ఉంది. ఆమె కళ్లు మూసుకుని, అరచేయి ఆనించి పైనుంచి కింది దాకా మెల్లగా దించింది. కొడుకు, కోడలు, నేను ఆ చేతినే చూస్తూ నిలబడ్డాం.

"చేతికి రాయే తగుల్తుంది. చాలు" అంది.

ఆ సాయంత్రం పసుపు పూశారు, బెల్లం బువ్వ పెట్టారు, కల్లు పోశారు. నేను పోబోతుంటే ముసలమ్మ ఆపి, "నీ కాయిదంల మా తాత గురించి ఏం రాసినవు?" అని అడిగింది.

'ఇక్కడ కుడివైపు తిరగవలెను' అని రాశాను. అదే చెప్పాను.

అప్పుడు ఆమె చెప్పింది. రెండో దర్వాజా మళ్లీ కట్టేటప్పుడు పైకి లాగుతున్న దూలం రాయి మోకు తెగి ఈ మలుపు దాకా దొర్లి వచ్చిందట. దాని కింద పోయినవాడు ఆమె పెనిమిటికి తాత. ఆయన గుర్తుగా నిలిపినదే ఈ రాయి. నా కాగితంలో మా ముత్తాత ఒక్కడే కట్టించిన దర్వాజా అది. మా ఇంట్లో ఆ సంగతి ఎవరికీ తెలియకనో, తెలిసి చెప్పకనో, నేనెన్నడూ వినలేదు.

"రాయవచ్చా?" అని అడిగాను.

"రాయి. కాని సదివినోళ్లు అయ్యో పాపం అనేటట్లు రాయకు. ఆయన పెద్ద పనోడు. అట్ల రాయి."

కాగితం మార్చి మళ్లీ తీయించాను. దర్వాజా కింద ఇద్దరి సంగతీ రాశాను. ఆ మలుపులో మళ్లీ బాణం గీయలేదు. అంతకు ముందే, ఆ శుక్రవారం చీకటితోనే, ముసలమ్మతో సహా ఆ ఇంటి తొమ్మిదిమందీ లారీ ఎక్కి వెళ్లిపోయారు.

నాకు రాళ్ల మహిమల మీద నమ్మకం లేదు. అయినా ఆ చలికాలం, ఎండాకాలం, రాతి గుంటల్లో మిగిలిన ఆ ఎరుపు నన్ను వదల్లేదు. డ్యాము పనిలో ఎవరికో దెబ్బ తగిలిందని ఊళ్లో మాట వస్తే, ఎవరికని అడగకుండా అక్కణ్ణుంచి లేచి వచ్చేవాణ్ణి. మృగశిర ముందు ఒక మధ్యాహ్నం లారీ వచ్చి ఆగిందని విని గ్రంథాలయం అట్లాగే వదిలి వెళ్లాను. దిగేవాళ్లను ఒక్కొక్కరినే లెక్కపెట్టాను. తొమ్మిదిమందీ దిగారు. చివర దిగిన కోడలి బొటనవేలికి గుడ్డకట్టు ఉంది. నా చూపు అక్కడే ఆగడం ఆమె గమనించింది.

"పరేషాన్ గాకుర్రి దొరా" అంది మూట నెత్తికెత్తుకుంటూ. "ఇది మీ రంగు చేసింది కాదు. నా మొగని సుత్తె చేసింది."